చుక్క రాలేదాకా

కాలిపోయిన బోరు మోటారులోంచి నల్లబడిన రాగితీగను గురప్ప పట్టకారుతో లాగుతున్నాడు. గూళూరు బస్టాండు పక్కనే అతని వైండింగ్ షాపు. వేళ్ల సందుల్లో ఆరని వార్నిషు, బొటనవేలి మీద తీగ కోసిన పాత గాట్లు. నత్తి మనిషి. రైతులు వస్తే తలూపుతాడు; మాటలన్నీ భార్య మునిరత్నమ్మే మాట్లాడుతుంది.

నోరు సాయం రాని ఆ మనిషికి, సరదాకు దూరాల వాళ్లతో సంకేతాలు పంచుకునే హామ్ రేడియో దొరికింది. తెల్లవారుజామున ఉల్క ఒకటి కాలిపోతూ ఆకాశంలో జాడ వదులుతుంది. ఇక్కడినుంచి పంపిన రేడియో తరంగం ఆ జాడకు తగిలి, వందల మైళ్ల అవతల దిగుతుంది. అంతా రెప్పపాటే. ఆ రెప్పపాటులో భోపాల్‌లో ఉండే మోహన్‌కుమార్ అనే ఆయన రేడియో గుర్తు ఇతని కంప్యూటరు తెర మీద, ఇతని గుర్తు అతని తెర మీద మెరుస్తాయి. ఏళ్లుగా అదే స్నేహం. నోరు తెరిచే పని లేదు.

ఆ మోహన్‌కుమార్ బెంగళూరుకు పెళ్లికొచ్చి, ఇవాళ గూళూరు బస్సెక్కాడు.

"నే... నేను చింతామణికి పోయినానని చె... చెప్పు."

"అంత దూరం నుంచి నీకోసరం వస్తాండాడు. యాడికీ పోవద్దు, కూచో," అంది మునిరత్నమ్మ.

బస్సు దిగిన బక్కపలచటి పెద్దాయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గురప్ప మెడనరాలు ఉబ్బాయి. మాట పెగల్లేదు. ఇలాంటప్పుడు మనుషులు మాటను తామే పూర్తి చేసేస్తారు, లేదా చూపు తిప్పుకుంటారు. ఈయన మాత్రం ఎండలో, భుజాన సంచి, మెడలో మఫ్లరుతో, తొందర లేకుండా నిలబడే ఉన్నాడు.

"రా... రాండి సార్."

"వచ్చినా, గురప్పగారూ!" గుంతకల్లు రైల్వేలో పనిచేసినప్పుడు నేర్చిన తెలుగు ఆయనది.

రాగిముద్ద తిన్నాక గురప్ప మాట్లాడుతూనే ఉన్నాడు. బడిలో పిల్లలు వెక్కిరించడం, మొదటిసారి భోపాల్ సిగ్నల్ అందిన తెల్లారి ఎవరికీ చెప్పుకోలేక చేను గట్టు మీద ఒక్కడే నవ్వుకోవడం, అన్నీ.

"నా కోసరం ఇం... ఇంతసేపు ఎవురూ కాసుకోలేదు సార్."

"చుక్క రాలేదాకా కాసుకుంటాం కదా! ఒక మాటకు కాసుకోలేనా?"

గురప్ప తల వంచి, తుడిచిన మోటారునే మళ్లీ తుడిచాడు. లోపల మునిరత్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

సాయంత్రం మోహన్‌కుమార్ ఎక్కిన బాగేపల్లి బస్సు కదిలింది. "మ... మళ్లా రాండి" అనేసరికి అది మలుపు తిరిగిపోయింది. అయినా గురప్ప ఆ మాటను కడదాకా అన్నాడు.

షాపులోకి వచ్చి లైటు వేశాడు. బెంచీ మీద మోహన్‌కుమార్ మఫ్లరు ఉండిపోయింది; ఒక కొస దారాలు ఊడి, కొబ్బరినూనె వాసనతో, ఇంకా ఆయన మెడకు చుట్టుకున్న వంపు పోకుండానే.