జమున కంటి మందు

"బిడ్డా, గా సుక్కల మందు జెర నా కండ్లల్ల గూడ ఎయ్యరాదు?" అన్నాడు మా మామ, మంచం మీద వెల్లకిలా పడుకుని.

పసుపు ఉడకబెట్టే రోజులు. పెరట్లో కడాయి కింద పొద్దున రాజేసిన మంట సాయంత్రం దాకా ఆరదు. పొగకు ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. పాపం, మంచి మనిషి. నా కూతురు జమున మెల్లకన్నుకు ఆపరేషన్ చేయిద్దామని నేనంటే ఇంటిల్లిపాదీ ముక్కున వేలేసుకున్నారు. "పోనియ్యిండ్రి, పోరిని అందరు ఎక్కిరిస్తున్నరు" అన్నది ఆయనొక్కడే. అలాంటి మనిషిని కాదనడానికి నోరెలా వస్తుంది? వేశాను. "అబ్బ, ఎంత సల్లగున్నదే" అని కళ్ళు మూసుకున్నాడు.

అది జమున మందు. నిజామాబాదులో కళ్ళ డాక్టరమ్మ ఇస్మత్ కంటి కండరం సరిచేసి కుట్టి, వాపు తగ్గడానికి ఇచ్చింది. "ఎరుపు తగ్గిందని ఆపొద్దు. నేను చెప్పినట్టు మెల్లమెల్లగ తగ్గించాలె. సబ్బుతోటి చేతులు కడుక్కోని వెయ్యి" అని మరీ మరీ చెప్పింది. ఆ చేతులు కడుక్కోవడమే మా ఇంట్లో పెద్ద తంటా. కడాయి దగ్గర్నుంచి లేచి, గోళ్ళలోకి దిగిన పసుపు రుద్దుకుని వచ్చేలోపే మా ఆయన దేవన్న కేక వేసేవాడు, "మల్ల లేసినవా? కొమ్ములు మెత్తవడుతున్నయి!" అని. కడాయి కలపడం పని, కల్లంలో పసుపు ఆరబోయడం పని, అందరికీ వండి వార్చడం పని. పిల్ల కంట్లో మందు వేయడం మాత్రం నేను పని ఎగ్గొట్టడానికి వేసే ఎత్తు.

మామ కళ్ళు చల్లబడ్డాయని విని మా ఆయనా వచ్చి మంచం మీద పడుకున్నాడు. ఆ తర్వాత కూలికొచ్చే వెంకటి. ఊరగాయ జాడీ అయినా, తలనొప్పి మందయినా మా ఇంట్లో ఏదీ ఒకరి సొంతం కాదు. పక్కింటికి కూడా ఇంత పెట్టాకే మేము తింటాం. మందు కూడా అలాంటిదే అనుకున్నారు. "పోరి కన్ను ఎరుపు వోయి తెల్లగైంది గద, ఇగ దాసుకొని ఏం జేస్తవ్?" అంది మా అత్త ఈరవ్వ. అంతంత మగాళ్ళు మంచం మీద బుద్ధిగా నోరు తెరుచుకుని పడుకుంటే నేను వాళ్ళ రెప్పలు పట్టుకుని చుక్కలు వేసేదాన్ని. వేస్తూ వేస్తూ ఒకనాడు అనుకున్నాను, కడాయికి అందరికంటే దగ్గరగా కూర్చునేది నేనూ, మా అత్తా కదా అని. మా కళ్ళు ఎలా ఉన్నాయని ఎవరూ అడగలేదు. ఆమె నన్నడగలేదు, నేనూ ఆమెనడగలేదు. నాకు ఏడుపొచ్చింది. పొగ అనుకున్నారు.

ఇంకా వేయాల్సిన రోజులుండగానే సీసా ఖాళీ అయింది. జమున కన్ను మళ్ళీ ఎర్రబడి ఉబ్బింది. వెలుతురు చూస్తే నీళ్ళు కారేవి. "తల్లివై ఉండి సూసుకోవద్దా?" అన్నాడు దేవన్న. పోయి మందు తెద్దామంటే, "గీ పసుపు పని ఒడవనియ్యి" అన్నాడు. తప్పు నాదట, తీరిక ఆయనకు లేదట. నా ఒళ్ళు మండిపోయింది. మర్నాడు కడాయి ఎక్కిస్తుండగానే పిల్లను చంకనేసుకుని నిజామాబాదు బస్సెక్కాను.

డాక్టరమ్మ కన్ను చూసి మండిపడింది. "ఏం తల్లివమ్మా నువ్వు? మందెందుకు ఆపినవ్?"

అక్కడా నేనే తల్లిని. ఆ మాటా మింగేద్దామనుకున్నాను, ఎందుకో మింగుడు పడలేదు. "ఆపలేదమ్మా. మా ఇంట్ల అందరి కండ్లల్ల ఏసిన. అడిగితె లేదనలేకపోయిన" అన్నాను.

ఆమె గొంతు తగ్గించి చెప్పింది, "పొగ కండ్లకు ఇది మందు కాదు. ఊకె వేసుకుంటె ఉన్న కండ్లు ఖరాబైతయి. పోరి కన్ను ఇంక చెయ్యి దాటలేదు. మల్ల ఆపితె మాత్రం నేనేం చెయ్యలేను."

కొత్త సీసా కొంగున కట్టుకుని పొద్దు వాలేసరికి ఇల్లు చేరాను. మామ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నన్ను చూసి, అడగనైనా అడగకుండా, కళ్ళు పెద్దవి చేసి పైకి చూశాడు.

"మామా, ఇది జమునది. ఇగ ఎవ్వలకు ఎయ్య. మీ కండ్లకు మంచిది గాదంట, సల్లటి నీళ్ళతోని కడుక్కోండ్రి."

ఆయన బిత్తరపోయి లేచి కూర్చున్నాడు. కడాయి దగ్గర్నుంచి దేవన్న అరిచాడు, "పొద్దంత ఊరేగచ్చినవ్, సాలదా? ఈడెవలుంటరు?"

"నువ్వుండు. దీని కన్ను నయమయ్యేదాంక నేను గా పొగల కూసోను" అన్నాను.

ఇక నాకు తిట్లు పడతాయి, అనుకున్నాను. మా అత్త మంట ముందు నుంచి లేచింది. చేతిలోని కలిపే కట్టెను కొడుకు ముందు పడేసి వచ్చింది. మామను రెక్క పట్టుకుని లేపింది.

"లెవ్వు. పోరిని పండనియ్యి" అంది. నేను జమునను మంచం మీద పడుకోబెట్టి చుక్కలు వేశాక నా దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని నా మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"ఏదీ, నీ కండ్లు సూడనియ్యి."