చెరో ఆరు నెలల కప్పు

ఆగండాగండి, వేరే పనిలో పడకండి, ముందు ఇది వినండి! జాతీయ రగ్బీ పోటీకి నలభై ఏళ్లు నిండాయని పుస్తకం వేస్తున్నారు. చరిత్ర రాసే పని లైబ్రరీలో పనిచేసే అమ్మాయి మీద పడింది. ఆమె ఎగిరి గంతేసింది. మరి, మొట్టమొదటి కప్పు గెలిచిన జట్టు కెప్టెన్ వాళ్ల నాన్నే!

పోటీ తీరు చకచకా రాసేసింది. ఇప్పుడు ఎనిమిది జట్లు, రెండు గ్రూపులు. గెలిస్తే నాలుగు పాయింట్లు, సమమైతే రెండు. బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై. ఒకే మ్యాచ్‌లో నాలుగు ట్రైలు చేస్తే ఇంకో పాయింటు. స్కోరులో ఏడుకు మించని తేడాతో ఓడినా ఒకటి దక్కుతుంది. గ్రూపులో మొదటి రెండు జట్లు సెమీస్‌కు. తొలి ఏడాది మాత్రం నాలుగే జట్లు, ఓడితే ఇంటికే.

అక్కడే చిక్కొచ్చింది. పాత మినిట్స్ పుస్తకంలో తొలి ఫైనల్ స్కోరు తొమ్మిది, తొమ్మిది. "ఇరు జట్లూ విజేతలే. కప్పు చెరో ఆరు నెలలు" అని కింద సంతకాలు. ముందు వంతు నాన్న జట్టుది. రెండో వంతు ఫైనల్లో ఎదురాడిన బస్ డిపో జట్టుది, అది వచ్చేసరికి ఆ జట్టు చెల్లాచెదురైంది. ఇక అన్ని జాబితాల్లోనూ నాన్న జట్టొక్కటే!

డిపో జట్టు కెప్టెన్ ఎవరో కాదు, వీధి చివర సెలూన్ బాబాయే. పరుగున వెళ్లింది. కుర్చీలో గడ్డం నిండా నురగతో నాన్న.

"నాన్నా, కప్పులో సగం బాబాయిదట!"

"వచ్చి పట్టుకుపొమ్మంటే రాలేదే వీడు! ఉత్తరం కూడా రాశా."

"రాశావు, పోస్టులో వెయ్యలేదు. కదలకురా, చెవి తెగుతుంది!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ప్రతి ఆదివారం ఇదే గొడవట!

నాన్న అద్దంలోకి చూస్తూ, "పుస్తకంలో మా జట్టు పేరొక్కటే చూసుకోవాలని ఉందే. ఆపైన నీ ఇష్టం" అన్నాడు.

ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్లగానే బాబాయ్ గొంతు తగ్గించాడు. "మా పేరు వెయ్యకమ్మా. వేస్తే ఆదివారాలు మేం దేని మీద కొట్టుకోవాలి?"

ఆమెకు నవ్వాగలేదు. కానీ డిపో జట్టులో బాబాయ్ కాక ఇంకా పద్నాలుగు మంది ఆడారు కదా! వాళ్ల పిల్లలూ ఈ పుస్తకం తెరుస్తారు.

రేపు పొద్దున్నే పేజీ ప్రెస్సుకు వెళ్లాలి. 'తొలి విజేత' అన్న మాట పక్కన ఇంకా ఖాళీయే. మీరైతే అక్కడ ఒక పేరు రాస్తారా, రెండు రాస్తారా?