కొంగలచెరువు నీళ్లు తగ్గిననాడు

కొంగలచెరువు స్టేషన్ల పొద్దుటి ప్యాసింజర్లు రెండూ ఒకదానికొకటి ఎదురయ్యేలోపల, అక్కడ చాయ్ అమ్మే ఇస్మత్ పొయ్యి మీద చాయ్ మసలాలె. మసలకపోతే తొండుపల్లి నుంచి వచ్చే వసుంధరకు కోపమొస్తది. బెజవాడ దిక్కు మనిషి, కాచిగూడల కొలువు, చాయ్ తాగనిదే బండెక్కదు. పైన విమానాలు చెవులు చిల్లులు పడేటట్టు పోతనే ఉంటయి.

స్టేషన్‌ను ఆనుకునే చెరువు. నిండుగున్నప్పుడు నీళ్లల్ల ఇయ్యాల్టి స్టేషన్ కనబడ్తది. ఎండలకు తగ్గినకొద్దీ ఎనకటిది కనబడ్తది. జర తగ్గితే విమానాలు రాకముందటిది, ఇంక తగ్గితే చిన్న లైను, మరీ అడుగంటితే బొగ్గింజను, తలపాగ కట్టిన స్టేషన్ మాస్టరు. ఎనకట ఎండకాలమొస్తే దుర్గవ్వ గట్టు మీద కూసొని, నీళ్లల్ల బండి దిగే సచ్చిపోయిన మొగుణ్ని చూసి, "ఏం నడకనో, అప్పుడు గూడ గంతే" అని తిట్టుకుంట ఇంటికి పోయేది. అండ్ల వింతేముంది?

కానీ శానా ఏండ్ల సంది చెరువు తగ్గుతలేదు. ఇస్మత్ అన్న నసీరుద్దీన్‌కు నీళ్ల ట్యాంకర్లున్నయి. ఎండలు ముదరంగనే తెచ్చి చెరువుల పోపిస్తడు. కొంగలకట, బర్రెలకట. "మనిషంటే గట్లుండాలె!" అని ఊరంతా పొగిడితే ఇస్మత్‌కు కడుపు నిండేది. ఆ అన్న కోసమే కదా ఆమె బతుకంతా పాయె. వయసుల ఉన్నప్పుడు ఆకిఫ్‌తోని మాట ఖాయమైంది. నిఖా దినం పెట్టుకునేటందుకు వస్తానన్న నాడు ఆకిఫ్ బండి దిగనేలేదట. పొద్దంత స్టేషన్ల నిలబడి వచ్చిన అని నసీరుద్దీనే చెప్పిండు. చెప్పి, ఆమె చేతిల మల్లెపూల పొట్లం పెట్టి, "ఏడ్వకమ్మా, వాడు రాకపోతే నేను లేనా?" అన్నడు. ఆ పూలు పెట్టుకొనే ఏడ్చింది. తర్వాత తల్లిలేని అన్న పిల్లల్ని సాకి పెద్దజేసింది. నిఖా ఊసు మళ్ల ఎవ్వరూ ఎత్తలే.

ఈ ఎండకాలం నసీరుద్దీన్ పచ్చకామెర్లతోని దవాఖానల పడ్డడు. ట్యాంకర్లు ఆగినయి. ఇస్మత్ రోజూ జావ కాసి తీస్కపోయి తాగిపిస్తుండె. ఇటు చెరువు దిగబడ్డది.

ఒకనాడు చాయ్ గ్లాసు పట్టుకొని వసుంధర పిలిచింది. "ఇస్మత్ గారూ, ఇటు రండి. నీళ్ళల్లో కనబడే బండిలోంచి ఎవరో దిగారు. మీ అన్నయ్యగారు ఎదురెళ్తున్నారు."

ఇస్మత్ చూసింది. ఆకిఫ్! కొత్త బూట్లు, చేతిల మల్లెపూల పొట్లం. పడుసు నసీరుద్దీన్ అతని భుజమ్మీద చెయ్యేసి ఏందో చెప్పిండు. ఆకిఫ్ బల్ల మీద కూలబడ్డడు. నసీరుద్దీనే లేపిండు, ఎదురుబండి ఎక్కించిండు. బల్ల మీద మిగిలిన పూల పొట్లం తీసి చేతిల పట్టుకొని ఇంటి తొవ్వ పట్టిండు.

ఇస్మత్ చెయ్యి తనకు తెల్వకుండనే కొప్పు మీదికి పోయింది. వెనక చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది.

దవాఖాన నుంచి వచ్చిన నాడు నసీరుద్దీన్ ఇంటికి పోలే. ట్యాంకర్ వెంటబెట్టుకొని సీదా చెరువు కాడికే వచ్చిండు. ఇస్మత్ అడ్డం నిలబడ్డది.

"ఆయనకు ఏం చెప్పినవ్ భాయిజాన్?"

అతను నీళ్ల దిక్కు చూసిండు. "నీ నిఖా అయిపోయిందని చెప్పిన." గొంతు తగ్గించిండు. "పిల్లలు చిన్నగుండె. వాళ్లమ్మ అప్పుడే పాయె. నువ్వు గూడ పోతే నేనేం గావాలె?"

"గదే మాట నన్నడిగితే నేనే ఆగుదును కదా! అడగకపోతివి. ఆయన పూలు నా చేతిల పెట్టి నన్ను ఓదారుస్తివా? నా గొంతు కోసినా ఇంత నొయ్యకపోవు."

బండ్లు రెండూ వచ్చి ఆగినయి. ఇస్మత్ ఇంటి తాళాలు చాయ్ బల్ల మీద పెట్టి, పట్టాలు దాటి ఎదురుబండి ఎక్కింది. వసుంధర తన టిఫిన్ డబ్బా కిటికీలోంచి ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఏడికి పోతున్నవ్?" నసీరుద్దీన్ కిటికీ చువ్వలు పట్టుకున్నడు.

"ఆయన పోయిన దిక్కు. ఉన్నడో లేడో, పెండ్లాం పిల్లలున్నరో. ఆ రోజు నేను ఎదురుచూసిన అని ఒక్క మాట చెప్పాలె."

బండి కదిలింది. నసీరుద్దీన్ ఏడ్చుకుంట జర దూరం బండెంట నడిచిండు, తర్వాత ఆగిపోయిండు.

"సేఠ్, నీళ్లు పోయాల్నా వద్దా?" ట్యాంకర్ డ్రైవర్ రాజు గట్టు మీది నుంచి కేకేసిండు.

నసీరుద్దీన్ స్టేషన్ల బల్ల మీద కూలబడ్డడు. పోస్తే ఇస్మత్ లేని ఇయ్యాల్టి స్టేషన్ కనబడ్తది, పొయ్యకపోతే అప్పటిది.