ఎవరు ఎవరికి నేర్పినట్టు

ఆ ఇంట్లో సరిగ్గా అడిగితే తప్ప కంచంలోకి కూర రాదు.

"పాస్ ఇట్ మి," అన్నాడాయన చెయ్యి చాపి.

"మధ్యలో 'టు' ఏమైంది? పాస్ ఇట్ టు మి," అంది ఆవిడ, గిన్నె వెనక్కి లాక్కుంటూ.

"ఆకలేస్తోంది టీచరమ్మా!"

"ఆకలి తెలుగులో వేస్తోంది. మీరు మాత్రం ఇంగ్లీషులో అడగండి."

"నా కొడుక్కి ఇంత కూడు పెట్టడానికి కూడా పరీక్షలేనా తల్లీ?" అని అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

చిన్న బడిలో ఇంగ్లీషు చెప్పేది ఆవిడ. బడి మూతపడి ఏళ్ళయినా వీధిలో అందరికీ ఇంకా టీచరమ్మే. ఆయన యంత్రాల విడిభాగాలు దేశదేశాలకు పంపే కంపెనీలో డిస్పాచ్ క్లర్కు. కొనేవాళ్ళతో ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడగలిగితే ప్రమోషన్, లేకపోతే జీవితాంతం అట్టపెట్టెల మధ్యే. ఆయనకు మాటలు రాకపోలేదు, బోలెడు వచ్చు. తెలుగు నోరు కదా, 'కి', 'ని', 'తో' అన్నీ పేరు తోకకే తగిలించి హాయిగా బతికింది. ఇంగ్లీషులో అవి ముందుకొచ్చి కూర్చుంటాయి, ఒక క్రియకు ఉండాల్సింది ఇంకో క్రియకు ఉండకూడదు. ఒకసారి "ఎక్స్‌ప్లెయిన్ మి" అంటే అవతలివాడు నవ్వాడట. ఆ తర్వాత చాలా రోజులు మహానుభావుడు ఫోను ముట్టుకుంటే ఒట్టు.

"క్రియ ఒంటరిగా గడప దాటదండీ," అనేది ఆవిడ. "వెంట మనిషి, మనిషికి ముందు ఓ చిన్న మాట. ముగ్గుర్నీ కలిపే మింగండి." అందుకని ఇంట్లో ఏ వస్తువూ ఊరికే కదిలేది కాదు. ఆయన డబ్బా దించుతూ "టేక్ ఇట్ ఆఫ్ ద షెల్ఫ్" అనాలి, తల్లి చేతిలో పెడుతూ "గివ్ ఇట్ టు హర్" అనాలి. అదే ఖాళీ డబ్బా అందుకుని అందుకుని అత్తగారికి చేతులు పడిపోయాయి.

ఈ యాతనంతా మొగుడి ప్రమోషన్ కోసమే అనుకుంటే పొరపాటు. ఆఫీసులో సిబ్బందికి ఇంగ్లీషు నేర్పడానికి ఒక మనిషిని పెట్టుకుంటారని కబురు తెచ్చింది ఆయనే. "నేను గట్టెక్కితే చాలు, నా నోరే నీకు సర్టిఫికెట్. మేనేజరుకు నీ పేరు చెప్పే పూచీ నాది," అన్నాడు. మళ్ళీ నల్లబల్ల ముందు నిలబడటం! ఆ మాటతో ఆవిడకు ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా పాఠాలే తట్టాయి.

ఆయన గట్టెక్కాడు. ప్రమోషన్ వచ్చిన వాళ్ళకు కుటుంబాలతో సహా ఆఫీసు హాల్లో విందు పెట్టారు. మేనేజరు వేరే భాష మనిషి, పెద్దవాడు, నెమ్మదస్తుడు. ఆవిడ మొగుడి భుజం తట్టి, "ఇంత చక్కటి ఇంగ్లీషు ఎవరు నేర్పారయ్యా?" అని అడిగాడు. ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"ఎవరూ లేరు సర్, సొంతంగానే," అన్నాడాయన. మేనేజరు ఆవిడ వైపు చూసేసరికి కంగారుపడి, "మా ఆవిడకు కూడా నేర్పుతున్నాను సర్. నోరు విప్పాలంటే భయం," అని అతికించాడు.

నలుగురూ ఆవిడ వంక జాలిగా చూశారు. అందరి ముందూ మొగుడి పరువు తియ్యడమెందుకని, ఆ పిచ్చి తల్లి తలొంచుకుని నవ్వింది. ఆ నవ్వే ఆయన అబద్ధానికి సాక్ష్యమైపోయింది.

ఇంటికొచ్చాక ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ, "పెళ్ళాం దగ్గర నేర్చుకున్నానంటే నలుగురిలో నవ్వరూ? ఆ క్లాసులు కూడా నన్నే చెప్పమనేట్టున్నారు. పాఠాలు నువ్వు తయారుచెయ్యి, నేను చెప్తాను. పేరు ఎవరిదైతేనేం, ఇల్లొకటేగా?" అన్నాడు.

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళ గురించి ఆవిడ విన్నది. ఈయన తెప్పను తగలెయ్యకుండా రేపటికి కూడా అట్టే పెట్టుకుంటున్నాడు.

"రేపు నేనే వెళ్ళి మేనేజరుతో చెప్తాను," అంది.

"నా పరువు తీస్తావా?"

"మీ పరువు మీ దగ్గరే ఉంచుకోండి. నా ఉద్యోగం నాకిచ్చెయ్యండి."

అత్తగారు ఖాళీ డబ్బాను మళ్ళీ అరలో పెట్టేసి పడుకోవడానికి వెళ్ళింది.

మర్నాడు మేనేజరు గదికి ఆవిడ ఒక్కతే వెళ్ళింది. బడి గురించి, ఖాళీ డబ్బా గురించి, కూర గిన్నె గురించి తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. "ఆయనకు నేర్పింది నేనే సర్," అని ముగించింది.

మేనేజరు కళ్ళద్దాలు తీసి మరీ విన్నాడు. తర్వాత మనసారా నవ్వాడు.

"మా ఆవిడ కూడా అంతేనమ్మా, నాకు అన్నీ తనే నేర్పానంటుంది. నోరు విప్పడానికే భయపడే మనిషిని ఇంతలా మాట్లాడించాడంటే, మీ ఆయన మామూలువాడు కాదు!"

"కాదు సర్, దయచేసి వినండి." ఆవిడ మళ్ళీ మొదటినుంచి చెప్పింది, ఇంకా స్పష్టంగా, ఇంకా చక్కగా. చెప్పే కొద్దీ ఆ పెద్దాయన మొహం ఇంకా వెలిగింది. ఆవిడకు అప్పుడు అర్థమైంది. తడబడితే ఉద్యోగం రాదు. తడబడకపోతే ఆయనకొస్తుంది. ఏడుపు ముంచుకొచ్చింది కానీ, ఏడిస్తే దాన్ని కూడా కృతజ్ఞత అనుకుంటారని మింగేసింది.

మేనేజరు గంట కొట్టి ఆయన్ని పిలిపించాడు. "క్లాసులు నీకివ్వాలా వద్దా అని కాస్త అనుమానం ఉండేది. మీ ఆవిణ్ణి చూశాక అది కూడా పోయింది," అని చెయ్యి కలిపాడు.

ఆయన పెళ్ళాం వంక చూడలేదు. "ఐ వర్క్‌డ్ వెరీ హార్డ్ విత్ హర్, సర్," అన్నాడు.

వాక్యంలో ఒక్క తప్పు లేదు.