రుషికొండలో కాజీపేట గంట

నేను ఒక సైకిల్ గంటను. బ్యాటరీలు మింగి పాటలు పాడే రకాన్ని కాను. బొటనవేలితో మీట లాగితే కడుపులోని పళ్ళచక్రం గిర్రున తిరిగి ట్రింగుమనే పాతకాలపు ఉక్కు గంటను. మనుషుల్లా నోరు తెరవాలనిపించినప్పుడల్లా తెరిచే భాగ్యం నాకు లేదు, ఎవరో ఒకరు నొక్కాలి. అందుకే నా జన్మలో నేను అన్న మాటల్లో అనవసరమైనది ఒక్కటీ లేదని గర్వంగా చెప్పుకోగలను. ఈ ఒక్కసారి మాత్రం ఎవరూ నొక్కకుండానే మాట్లాడుతున్నాను. కాస్త ఓపిక పట్టండి.

నా పుట్టుకలో పెద్ద విశేషం ఏమీ లేదు. లూధియానాలో ఒక చిన్న కార్ఖానాలో రేకును గిన్నెలా నొక్కారు, మెరుగు పెట్టారు. ఒకాయన బిడ్డ ఏడ్చిందా లేదా అని చూసుకునే మంత్రసానిలా నన్ను ఒక్కసారి మోగించి, తృప్తిపడి, అట్టపెట్టెలో పడేశాడు. తర్వాత కళ్ళు తెరిచింది కాజీపేటలో, లోకోషెడ్డు ఫిట్టరు మొగిలయ్య చేతిలో.

మొగిలయ్య రైలింజన్ల మధ్య పనిచేసి చెవులు మందగించిన మనిషి. తనకు వినపడేదాకా కొట్టేవాడు కాబట్టి ఊరంతటికీ వినపడేది. ఖాళీ రోడ్డు మీద కూడా కొట్టేవాడు. కూతురు ఆండాళుకు సైకిలు నేర్పించేటప్పుడు బ్రేకు కంటే ముందు నన్ను నేర్పించాడు. వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతూ ఒకటే అరుపు: "గొట్టు బిడ్డా, గంట గొట్టు! గొట్టకుంటె నువ్వొస్తున్నవని మందికెట్ల ఎరుక?"

ఆ పిల్ల గంట కొడుతూనే పోయి మురిక్కాలవలో పడింది. పడ్డాక కూడా కొట్టింది. అందుకే నాకు ఆండాళంటే మొదటి నుంచీ ఇష్టం.

ఆ నల్ల సైకిలు తుప్పుపట్టి పాత సామాన్ల బండి ఎక్కిన రోజు మొగిలయ్య పానా తెచ్చి నన్ను ఒక్కదాన్నే విప్పి దాచుకున్నాడు. కొన్నేళ్ళు బీరువాలో పడుకున్నాను. ఈలోగా మొగిలయ్య కాలం చేశాడు. ఆండాళు రైల్వేలో గుమస్తా అయింది, పెళ్ళి చేసుకుంది, ఒక కూతురిని కన్నది, సోడాబుడ్డి కళ్ళద్దాలు తెచ్చుకుంది, నలభై దాటింది. డాక్టరు షుగరు అంచున ఉన్నావని భయపెడితే నడక మొదలుపెట్టింది. నడక పరుగైంది. పరుగుతో ఆగక సైకిలు తొక్కింది, హనుమకొండ వెళ్ళి ఈత నేర్చుకుంది. ఆ మూడూ ఒకే పొద్దున ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేస్తే దాన్ని ట్రయాథ్లాన్ అంటారని ఎవరో చెప్పారు. ఒక కష్టం చాలక మూడు కష్టాలను వరసగా పేర్చుకుని దానికి ఆట అని పేరు పెట్టడం మనుషులకే చెల్లింది.

ఆమె సన్న చక్రాల కొత్త సైకిలు కొంది. దాని హ్యాండిలు నా పట్టీకి చాలకపోతే పాత ట్యూబు ముక్క చుట్టి మరీ నన్ను బిగించింది. పట్టుచీర మీద గోచీ కట్టినట్టు ఉందని ఇంట్లో నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

ఇంతలో బదిలీ అయి విశాఖపట్నం వచ్చాం. కూతురి ఇంటర్ పరీక్షలని భర్తా పిల్లా కాజీపేటలోనే ఆగిపోయారు. రైల్వే క్వార్టర్లో ఆమె, గోడకు ఆనించిన సైకిలు, సైకిలు మీద నేను. ఆఫీసులో మర్యాదస్తులే గాని, ఆమె మాట్లాడితే ముందు నవ్వి తర్వాత జవాబిచ్చేవారు. క్రమంగా ఆమె మాట్లాడటం తగ్గించింది. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పి, నా దగ్గరికి వచ్చి ఒక్కసారి ట్రింగుమనిపించి వంటింట్లోకి పోయేది. ఆ ఊళ్ళో కాజీపేట గొంతు నాదొక్కటే మరి. నాకు ఎంత దిగులేసేదో చెప్పలేను.

తోడు కోసం వెతుకులాట మొదలైంది. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, వ్యాయామం చేసేవాళ్ళంతా అక్కడే ఉంటారని విని సైకిలు తొక్కుకుంటూ వెళ్ళింది. నిజమే, ఒకే రంగు చొక్కాలు వేసుకున్న జట్టు ఒకటి కనపడింది. చేతులు పైకెత్తుతున్నారు, నడుములు వంచుతున్నారు. ఆండాళు సైకిలు స్టాండు వేసి వెనక వరసలో నిలబడింది. చేతులెత్తమంటే ఎత్తింది. ఊపిరి పీల్చమంటే పీల్చింది. అప్పుడు ముందున్న పెద్దాయన "ఒకటీ... రెండూ..." అని లెక్కపెట్టగానే అందరూ పొట్టలు పట్టుకుని హహ్హహ్హా అని విరగబడ్డారు. సముద్రపు ఈతకు ఊపిరితిత్తులు ఇలా గట్టిపరుస్తారేమోననుకుని ఆండాళు కూడా నవ్వింది. కొత్తకదా, తక్కువ చెయ్యకూడదని అందరికంటే గట్టిగా నవ్వింది.

ఇలా రోజుల తరబడి నవ్వాక ధైర్యం చేసి అడిగింది. "సార్, నీళ్ళలకు ఎప్పుడు దిగుతం?"

ఆ పెద్దాయన పేరు సన్యాసిరావు, రిటైరైన హెడ్మాస్టరు. "నీళ్ళలోకెందుకమ్మా? మాది నవ్వుల క్లబ్బు" అన్నాడు. సంగతంతా విని, ఈసారి లెక్కపెట్టకుండానే నవ్వాడు. "మీరు చెప్పే బాపతు జనం రుషికొండ దగ్గరుంటారు. పొద్దున్నే సముద్రంలో పడి, లేచి, బట్టలైనా ఆరకుండా సైకిళ్ళెక్కి పారిపోతారు. ఎవరో తరుముతున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ."

అలా ఆ ఆదివారం దొరికారు మావాళ్ళు. రెండు సరుగుడు చెట్ల మధ్య వెదురుబొంగు కట్టి, దానికి సైకిళ్ళను సీటు తగిలించి వేలాడదీశారు. నీళ్ళలోంచి వచ్చి, ఎవరి సైకిలు వాళ్ళు లాక్కుని, భీమిలి దారి పట్టి, తిరిగొచ్చి ఇసుకలో పరుగెత్తాలి. ఆ మూడూ ఎవరి సాయం లేకుండా, సొంత సైకిలు మీద పూర్తి చేసిన వాళ్ళకు జట్టు పసుపు చొక్కా ఇస్తారు. చొక్కా ఉన్నవాళ్ళే జట్టు, లేనివాళ్ళు చుట్టాలు. ఆండాళు ఆ చొక్కాల వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. చిన్నప్పుడు తండ్రి సైకిలు వంక అలాగే చూసేది.

జట్టు పెద్ద పైడిరాజు. పళ్ళ డాక్టరు. ఆయనకు బరువంటే పగ. సైకిలు బరువు తగ్గించడానికి దాని మీది కంపెనీ స్టిక్కర్లు కూడా గీకేసిన మనిషి. తన పొట్టను మాత్రం ఎందుకో లెక్కలోకి తీసుకోలేదు. వచ్చీ రాగానే ఆయన కన్ను నా మీద పడింది.

"ఏటండీ ఇది? గంటా? పాలకేను కూడా తగిలించీకపోయేరా?" అందరూ నవ్వారు. "ఇంత బరువు మోసుకుని తొక్కుతారేటండీ? తీసీయండి."

ఈత బాగా వచ్చిన గౌరీశ్వరి, కాలేజీలో లెక్కలు చెప్పే ఆవిడ, "ఉండనీండి డాక్టరుగారూ, ముచ్చటగా ఉంది" అంది గాని, ఆండాళు అప్పటికే తలవంచుకుంది. ఆ వారమంతా పొద్దున్నే వాళ్ళతో సాధన చేసింది, అప్పటికింకా నన్ను తియ్యలేదు. మరుసటి ఆదివారం చొక్కా పరీక్ష. ముందురోజు సాయంత్రం పానా పట్టుకుని నా ముందు కూర్చుంది. "ఏమనుకోకు" అంది నాతో. నన్ను విప్పి సీటు కింది చిన్న సంచిలో వేసింది. ఇనుముకు బాధేమిటని మీరనవచ్చు. సంచిలో ఉండి చూడండి, తెలుస్తుంది.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. ఆండాళుకు అద్దాలు తీస్తే లోకమంతా పొగమంచు. ఈతకు అద్దాలు పనికిరావు కాబట్టి వాటిని హెల్మెట్లో పెట్టి సైకిలుకు తగిలించేది. సైకిలు దొరికితేగాని అద్దాలు దొరకవు, అద్దాలుంటేగాని సైకిలు కనపడదు. మరి ఎలా పట్టుకునేది? హ్యాండిళ్ళన్నీ తడుముకుంటూ వచ్చి, చేతికి చల్లగా, గుండ్రంగా నేను తగలగానే ఆగిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమె చేతులకు తెలుసు. ఆమె బుర్రకే తట్టినట్టు లేదు.

పరీక్ష రోజు పైడిరాజు ఆనవాయితీ ప్రకారం అందరికంటే చివర ఈదాడు, వెనకబడ్డవాళ్ళకు కాపలాగా. ఆండాళు నీళ్ళలోంచి వచ్చేసరికి బొంగుకు రెండే సైకిళ్ళు. రెండూ నలుపే. తడిమింది, ఏదీ తగల్లేదు. మొదట చేతికందిన దాన్ని లాగి, దానికున్న హెల్మెట్టు పెట్టుకుని, అందులోని అద్దాలు తగిలించుకుని వెళ్ళిపోయింది. అది పైడిరాజుది. ఆయనకూ దాదాపు అదే పవరని అప్పటిదాకా పట్నంలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆయన వచ్చాడు. ఆయనకూ పొగమంచే. మిగిలింది ఒకటే సైకిలు కాబట్టి అనుమానం కూడా పడలేదు. ఎక్కాడు.

అలా నేను సంచిలో, డాక్టరు నా మీద. మోకాళ్ళు పొట్టకు తగులుతుంటే "ఈయేళ ఒంట్లో బాగున్నట్టు లేదు" అని గొణుక్కుంటూ తొక్కాడు. తిమ్మాపురం దాటాక గేదెల మంద రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. "హేయ్! తప్పుకోండి! ఓయ్!" అని అరిచాడు. గేదెలు పళ్ళ డాక్టర్లను చాలామందిని చూసినట్టున్నాయి, కదలలేదు. ఆయన చిరాగ్గా సైకిలు కుదిపేసరికి నేను సంచిలోంచి ట్రింగన్నాను. మందలో ఒకటి తల తిప్పింది.

డాక్టరు సంచి విప్పాడు. నన్ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత సైకిలు చూశాడు, హెల్మెట్టు తీసి దాని గులాబీరంగు చూశాడు. నెమ్మదిగా మీట నొక్కాడు. గేదెలు దారిచ్చాయి. మళ్ళీ నొక్కాడు. దారిలో ఎవరూ లేకపోయినా నొక్కాడు. మొగిలయ్య పోయిన తర్వాత ఖాళీ రోడ్డు మీద నన్ను అలా కొట్టినవాడు ఇంకొకడు లేడు.

భీమిలి దగ్గర మలుపు తిరిగి వస్తున్న ఆండాళుకు ఎదురుగా, గులాబీ హెల్మెట్టు పెట్టుకుని, ఒక చేత్తో గంట కొడుతూ వస్తున్న మనిషి కనపడ్డాడు. ఇద్దరూ బ్రేకులు వేశారు.

"అది నా బండి సారూ" అంది ఆండాళు.

"మరి మీరెక్కింది ఎవరిదనుకుంటన్నారండీ?" అన్నాడు డాక్టరు.

వెనక్కొచ్చాక గౌరీశ్వరి నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడింది. కాని రూలు రూలే. పరాయి సైకిలెక్కితే చొక్కా లేదు. ఆ రూలు పెట్టింది డాక్టరే. ఆయన ఒంటిమీది పసుపు చొక్కా విప్పి మడతపెట్టి గౌరీశ్వరి చేతిలో పెట్టాడు. బనీనుతో నిలబడి, "వచ్చే ఆదివారం ఇద్దరికీ మళ్ళీ పరీక్ష" అన్నాడు.

ఆండాళుకు అది తమాషాగా తోచలేదు. ఇంటికొచ్చి నన్ను బల్ల మీద పెట్టింది. ఆ సాయంత్రం నన్ను మోగించలేదు, మర్నాడూ మోగించలేదు. సైకిలు మీద పాత దుప్పటి కప్పేసింది. కాజీపేటకు ఫోను చేసి, "ఈ ఊరు మనది గాదు, మళ్ళ బదిలీకి పెట్టుకుంట" అని భర్తతో అంది. నాకు గొంతుంటే అప్పుడే అరిచేదాన్ని.

వారం మధ్యలో ఎవరో తలుపు కొట్టారు. పైడిరాజు, చేతిలో పానాతో.

"గంట ఏదండీ? ఎక్కడ పెట్టీసేరు?"

"తీసేయమన్నది మీరే గద సారూ."

"అన్నానండీ. గేదెల్ని చూసేక తెల్సింది." దుప్పటి తీసి, ట్యూబు ముక్క చుట్టి, నన్ను మళ్ళీ బిగించాడు. పళ్ళ డాక్టరు కదా, మరలు బాగా తిప్పుతాడు. "మీకు అద్దాల్లేకపోతే ఏటీ కనపడదని ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు.

"మీరు గూడ చెప్పలె గద."

ఆయన టీ ఉందా అని అడిగాడు.

ఆదివారం వచ్చింది. ఈసారి డాక్టరు కూడా చొక్కా లేనివాడే కాబట్టి కాపలా ఈతకు గౌరీశ్వరి దిగింది. నవ్వుల క్లబ్బంతా సన్యాసిరావు వెంట ఒడ్డుకు వచ్చి నిలబడింది. అలలు పెద్దవిగా ఉన్నాయి. డాక్టరు ముందుగా ఒడ్డెక్కాడు. తన సైకిలు తను వెతుక్కుని, అద్దాలు పెట్టుకుని, ఎక్కబోయి ఆగాడు. ఆండాళు నీళ్ళలోంచి లేచింది గాని, అల ఒకటి పక్కకు నెట్టేసి ఎక్కడికో చేర్చింది. ఒడ్డున నిలబడి కళ్ళు చికిలించి అటూ ఇటూ చూస్తోంది. అడుగు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి వేసింది.

డాక్టరు తన సైకిలు బొంగుకు ఆనించి నా దగ్గరికి వచ్చాడు. మీట మీద వేలు పెట్టాడు. ఇక కొట్టడం మొదలుపెట్టాడు చూడండి, లోకోషెడ్డు దద్దరిల్లేలా. నా కడుపులో చక్రాలు ఊడిపోతాయనుకున్నాను. ఊడిపోతే పోనీ అని కూడా అనుకున్నాను.

ఆమె వెనకే ఒడ్డెక్కిన గౌరీశ్వరి రొప్పుతూనే అరిచింది. "డాక్టరుగారూ, సాయం చెయ్యకూడదని రూలు మీదే!"

"నేనేటి సాయం చేస్తన్నానండీ? గంట పన్జేస్తందో లేదో చూస్తన్నాను!"

ఆండాళు తల నావైపు తిరిగింది. నువ్వొస్తున్నావని మందికి తెలియాలంటే గంట కొట్టాలన్నాడు మొగిలయ్య. మంది నీ కోసం ఎదురు చూస్తున్నారని చెప్పడానికి కూడా అదే గంట కొట్టాలని ఆయనకూ తెలియదు, నాకూ ఆ పొద్దునే తెలిసింది. ఆమె తూలుతూ, ఉప్పునీళ్ళు కారుతూ, ఇసుకలో తిన్నగా మావైపు పరుగెత్తుకొచ్చింది. చెయ్యి చాపింది. ముందు డాక్టరు వేలు తగిలింది, దాని కింద నేను.

"వేలు తియ్యుండ్రి సారూ," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకే అర్థం కాలేదు. "ఇది నా బండి."