పాండురంగ అయిదో వికెట్

నాకు ఔటవడమంటే ఒళ్లు మంట. వేలెత్తిన అంపైర్ మీదా, చప్పట్లు కొట్టినవాళ్ల మీదా, ఆఖరికి నా బ్యాటు మీదా కోపమే. ఉప్పల్ ఫ్రెండ్స్ క్లబ్బుకు పదకొండేళ్లుగా ఓపెనర్‌ని, నాలుగేళ్లుగా కెప్టెన్‌ని. దయాకర్ ఔటై వస్తుంటే కుర్చీలు దాచిపెట్టండిరా అని మావాళ్లే ఎగతాళి చేస్తారు. అలాంటి నేను ఒక బౌలర్‌కు నా వికెట్ ఊరికే ఇచ్చేద్దామనుకున్నాను. ఆ మనిషి ఎలాంటివాడో ముందు చెప్పాలి.

పాండురంగది నాచారం వర్కర్స్ టీమ్. మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్. నలభై మూడేళ్లు. పంతొమ్మిది సీజన్లుగా మా ఆదివారం లీగులో బౌలింగ్ చేస్తున్నాడు, ఒక్క మ్యాచ్‌లోనైనా అయిదు వికెట్లు పడలేదు. నాలుగైతే లెక్కలేనన్ని సార్లు. అయిదోదానికి క్యాచ్ జారేది, లేదంటే ఓవర్లు అయిపోయేవి. మోకాలు అరిగిపోయింది, ఇక చాలించమని డాక్టర్ చెప్పేశాడు. మొన్న నాచారంలో మాతో ఆడిందే అతని ఆఖరి మ్యాచ్. అది తెలిసి కూడా నేను టాస్ దగ్గర, ఇవాళ కూడా నాలుగేనా అని గెలికాను. నా నోరు అంతే. అతను నవ్వేశాడు.

ఆ గ్రౌండు ఫ్యాక్టరీ షెడ్ల వెనక ఉంటుంది. మట్టి మీద కొబ్బరిపీచు మ్యాట్ పరిచి, చుట్టూ మేకులు కొట్టి ఆడతాం. ముందు మాది బ్యాటింగ్. మూడో బంతికే నా మిడిల్ స్టంపు ఎగిరిపోయింది. నేను బ్యాటు దించేలోపే బంతి వచ్చేసింది. హెల్మెట్ నేలకేసి కొట్టి, ముసలాడికి ఇంత జోరు ఎక్కణ్ణుంచి వచ్చిందని తిట్టుకుంటూ కూర్చున్నాను. తొమ్మిదో ఓవర్‌కల్లా మాకు ముప్పై ఒక్క పరుగులు, అయిదు వికెట్లు. అయిదూ పాండురంగవే.

వాళ్ల కెప్టెన్ విజయభాస్కర్ పరుగెత్తుకొచ్చి అతన్ని ఎత్తుకోబోయాడు. పాండురంగ మెల్లిగా విడిపించుకుని ఒక వైపు స్టంపుల దగ్గరికి వెళ్లి, మడమకు కాలివేలు ఆనించి అడుగులో అడుగేసుకుంటూ అవతలి స్టంపుల వరకు నడిచాడు. అంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. సంతోషంతో మతి పోయిందేమో అనుకున్నాను నేను. అతని బూటు సరిగ్గా అడుగు పొడవట. అరవై ఆరు అడుగులు ఉండాల్సిన పిచ్ అరవై మూడే ఉంది.

జరిగిందేమిటంటే, మ్యాట్ ఒక కొస చిరిగితే వాళ్లే పోయిన వారం కోసేశారు. కొత్త కొస నుంచి మళ్లీ గీత గీసి, ఆ గీత దగ్గరే స్టంపులు పాతారు. కొలవాలని ఎవరికీ తట్టలేదు. మాకూ తట్టలేదు. బంతి తొందరగా వస్తోందని తిట్టుకున్న నాకైనా తట్టొద్దా?

విజయభాస్కర్ అతని భుజం మీద చెయ్యేసి, ఇప్పుడిది ఎందుకు, ఎవరికి తెలుసు, ఊరుకోమని బతిమాలాడు. పాండురంగ గొంతు తగ్గించలేదు.

"నా చేతికి తెల్సు గదా భాస్కర్. ఈ వయసుల నా బంతి గంత జోరుగ పోతదా?"

అంపైర్ పరంధామయ్య గారు హబ్సిగూడలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు. పక్కనే షెడ్డు కడుతున్న మేస్త్రీ దగ్గర టేపు తెప్పించి కొలిచారు. మూడు అడుగులు తక్కువ. ఇంతవరకు ఆడింది చెల్లదు, స్టంపులు సరిచేసి మొదటి నుంచి ఇరవై అయిదు ఓవర్లు ఆడండి అన్నారు. పంతొమ్మిదేళ్లకు పడ్డ అయిదు వికెట్లు అలా పోయాయి. వాళ్ల టీమ్‌లో చాలామంది పాండురంగతో మాట్లాడటమే మానేశారు. అతను మాత్రం మోకాలికి పట్టీ బిగించుకుంటూ కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది. నేనైతే కొలిచేవాణ్ణి కాదు, ఒట్టు.

ఈసారి టాస్ వాళ్లది. నూట నలభై రెండు కొట్టారు. మేం బదులు మొదలుపెట్టాం. అసలు పిచ్ మీద పాండురంగ బంతికి ముందటి జోరు లేదు కానీ, అబ్బ, ఏం వేశాడు! ఒకటి లోపలికి, ఒకటి బయటికి. కుంటుతూనే నాలుగు వికెట్లు తీశాడు. నేను మాత్రం ఈ చివర అరవై దాటి నిలబడ్డాను. ఇరవై మూడో ఓవర్ వచ్చేసరికి మాకు ఆరు వికెట్లు పడ్డాయి, గెలవడానికి రెండు పరుగులు కావాలి. పాండురంగకు అదే ఆఖరి ఓవర్, అందులో మిగిలింది ఒక్క బంతి.

నేను ఔటైనా మాకు పోయేదేమీ లేదు. తర్వాతివాళ్లు ఆ రెండు కొట్టేస్తారు. ఈ మనిషికి అయిదు వికెట్లు రాకపోతే ఇంకెవరికి రావాలి అనిపించింది. అతను పరుగు మొదలెట్టగానే లెగ్ వైపు జరిగి మూడు స్టంపులూ వదిలేశాను.

పాండురంగ బంతి వెయ్యలేదు. గీత దగ్గర ఆగిపోయాడు. కుంటుకుంటూ నా దాకా వచ్చి, నాకొక్కడికే వినిపించేలా అన్నాడు.

"తమ్మీ, నిలబడి ఆడు. తక్కువ పిచ్ మీద తీసినయే వద్దన్న. నువ్విచ్చింది తీస్కుంటనా?"

తలూపాను. అతను వెనక్కి వెళ్లి, మళ్లీ పరుగెత్తి వచ్చి వేశాడు. ఆఫ్ స్టంపు మీద పడి, రవ్వంత బయటికి జరిగిన బంతి. అంత మంచి బంతి ఆ రోజు మొత్తం మీద ఇంకొకటి పడలేదు. కాలు ముందుకు వేసి, తల దించి, ఒళ్లంతా కళ్లు చేసుకుని ఆడాను. కవర్ పక్కనుంచి దూసుకుపోయి షెడ్డు గోడకు తగిలింది. ఫోర్.

మావాళ్లు కేకలేసుకుంటూ లోపలికి వచ్చేశారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా. పాండురంగ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపి, మంచిగ ఆడినవని మెచ్చుకున్నాడు. మొహంలో నిజమైన సంతోషం. నాలుగు వికెట్లతోనే అతని ఆట ముగిసింది. ఆ బంతిని బాగా ఆడటం తప్ప అతనికి ఇవ్వగలిగింది నా దగ్గర ఇంకేమీ లేకపోయింది.