కిటికీ పక్క మంచం

ఒక్క చుక్క నీళ్లు.

అంతే. నా వేలి కొసన వణికి, జారి, ఎండిన నాచు మీద పడింది.

ముందు ఏమీ కాలేదు. వంటింటి బల్ల మీద తెల్ల సాసరు, అందులో గోధుమరంగు పీచు... చీపురు నుంచి ఊడిపడ్డట్టు. తర్వాత ఒక ఆకు కదిలింది. ఆకంటే ఎంతని, నువ్వుగింజలో సగం. దాని పక్కది కదిలింది. ఆ పక్కది. ముడుచుకున్నవన్నీ ఒళ్లు విరుచుకుంటూ, పచ్చబడుతూ, ఇంకా పచ్చబడుతూ...

"ఇది చచ్చిపోయిందన్నావుగా!" అన్నాడు మా ఆయన.

"నేననలేదు, నువ్వనుకున్నావు. ఊరికే మూసుకుని కూర్చుంది."

"పెళ్లైన కొత్తలో మా అమ్మ ముందు నువ్వు కూర్చున్నట్టు."

"ఇప్పుడు మాత్రం పాతబడ్డామా?" అని చెంచాతో మోకాలి మీద ఒక్కటిచ్చాను.

బయట వాన. పొయ్యి మీద టీ. నా ఒంటి మీద అతని చొక్కా, చేతులు ఎన్నిసార్లు మడిచినా వేళ్లు దాటి జారుతూ.

అప్పుడు వచ్చింది ఫోన్‌లో ఆ మెయిల్.

సైన్సులో పనిచేసే ఆడవాళ్లు దేశం దాటి వెళ్లి, అక్కడి సైంటిస్టులతో కలిసి పరిశోధన చేసుకోవడానికి ఇచ్చే ట్రావెల్ గ్రాంటు. మూడు నెలలు. వచ్చింది.

నాకు వచ్చింది!

కేక పెట్టాను. అతను నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు. కాలు తగిలి కుర్చీ పడింది. టీ పొంగింది. పొంగనీ! ఈ ఇంట్లో ఏది పొంగినా నాకు నవ్వే వస్తోంది ఈమధ్య.

దింపాక అతని మొహం చిన్నబోయింది. "మూడు నెలలా సైంటిస్టుగారూ? మూడు నెలలు నా గతేంటి?"

"తోడు ఒకరికి కూడా టికెట్ ఇస్తారు."

"తోడంటే నేనేగా?"

"నువ్వే. ఇంకెవరు?"

ఇంకెవరు.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. చుక్క జారినంత తేలిగ్గా.

ఇంకెవరో నాకు తెలుసు.

మా ల్యాబ్‌లో ఒక అక్క ఉంది. సొంత అక్క కాదు, అందరికీ అక్కే. నేను చేరిన రోజు పేరు చెప్పకముందే పది మాటలు వాగేశాను. "ఎవరీ పిచ్చుక?" అంది. ఆ రోజు నుంచి నేను పిచ్చుకనే.

అక్కకి నాచు ప్రాణం. బస్సు దిగి వస్తూ వస్తూ ఎవరిదో ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతుంది. గోటితో గీకి, కాగితంలో మడిచి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటుంది. ఆ బ్యాగులో దువ్వెన ఉండదు. మడత పొట్లాలుంటాయి.

సముద్రం అవతల ఇంకో ఆవిడ. ఆవిడ ప్రాణమూ నాచే.

అక్కడ మంచు కింద. ఇక్కడ ఎండ కింద. ఒకే నాచు. రెండు చోట్లా ఎలా బతుకుతోంది? అదే ఇద్దరి ప్రశ్న. అక్క కూతురు అక్షరాలు దిద్దుకునే రోజుల్లో మొదలైన స్నేహం. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. ఇన్నేళ్లలో వాళ్లు ఒకరినొకరు చూసుకున్నది తెర మీదే.

తెర మీద తేలే ప్రశ్న కాదది. రెండు నాచులూ ఒకే గదిలో, ఒకే నీళ్లతో, ఒకే మైక్రోస్కోపు కింద తడవాలి. పక్కపక్కన. ఆ ఇద్దరు ఆడవాళ్లూ పక్కపక్కన కూర్చుని చూడాలి.

అంతకంటే ఏమీ అడగలేదు అక్క. ఎవరినీ. ఎప్పుడూ.

మొదటిసారి ఈ గ్రాంటుకే దరఖాస్తు పెట్టింది. రాలేదు. రెండోసారి వచ్చింది. ఆ నెలలోనే అత్తగారు మంచం పట్టారు. "మళ్లీ వస్తుందిలే" అన్నారు ఇంట్లో. అందరూ అన్నారు. మూడోసారికి రూలు అడ్డొచ్చింది. డాక్టరేటు చేతికొచ్చి పదేళ్లు దాటితే ఇవ్వరు. పిల్లని ఎత్తుకున్న ఏళ్లూ, అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టిన ఏళ్లూ — అవీ ఆ పదేళ్లలోకే వస్తాయి. ఆడవాళ్ల కోసం పెట్టిన గ్రాంటే. అయినా వస్తాయి.

అప్పుడు దారి కనిపెట్టింది అక్కే. నిరుడు. నాకింకా సంబంధాలు కూడా చూడని రోజుల్లో.

"నీ పేరు మీద పెడదాం పిచ్చుకా. తోడు టికెట్ మీద నేనొస్తా. మీ అమ్మ కూడా బెంగ లేకుండా పంపిస్తుంది."

గంతేశాను. "మీరు రాకపోతే నేనెందుకక్కా, అక్కడ నాకు ముందూ తెలీదు, వెనకా తెలీదు!" అన్నాను. దరఖాస్తులో ప్రతి వాక్యం అక్కది.

సంతకం నాది.

ఆ తర్వాత పెళ్లి. పెళ్లి తర్వాత... వాన, టీ, చొక్కా. ఉదయాలన్నీ ఇప్పుడే కడిగి ఆరేసినట్టు ఉంటున్నాయి. ఏం చేయను?

స్కూటర్ మీద ల్యాబ్‌కి వెళ్తుంటే గొడుగు నేను పట్టుకున్నాను. అది తిరగబడి పువ్వులా అయింది. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. సిగ్నల్ దగ్గర అతను వెనక్కి తిరిగాడు. అప్పటికే సెలవు అడిగేశాడట, ఫోన్‌లో. అక్కడి చలి కూడా చూసేశాడట.

"నీకు చేతి తొడుగులు కొనను," అన్నాడు. "నీ చెయ్యి నా జేబులో పెట్టుకో."

ఆ మాటకి నేను స్కూటర్ మీంచి పడిపోవలసింది. నిజంగా.

"మరి అక్కో?" అన్నాను, పచ్చలైటు పడ్డాక.

"మీ అక్క కాదూ? అర్థం చేసుకుంటుంది."

అర్థం చేసుకుంటుంది. చాలా మెత్తని మాట. కొత్త పరుపులా ఉంది. దాని మీద వాలిపోయాను.

ల్యాబ్ తలుపు తీశానో లేదో, అక్క నా మీద పడింది. ఎవరినీ ముట్టుకోని మనిషి, రెండు చెంపలూ పట్టుకుని ఊపేసింది. "వచ్చిందే! వచ్చిందే పిచ్చుకా!" ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చిన్నపిల్ల గొంతు. ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో.

బీరువా తీసింది. అడుగు నుంచి కోటు లాగింది. ముదురెరుపు ఊలు కోటు, మోకాళ్ల దాకా. రెండోసారి గ్రాంటు వచ్చినప్పుడు కొనుక్కున్నదట. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు ఒక మాట అంటారని ఇక్కడ పెట్టుకుందట, నాచు పొట్లాల కింద. తొడుక్కుని చూపించింది. నడుము దగ్గర బొత్తం పట్టలేదు.

"లావయ్యాను," అని నవ్వింది. "ఫర్వాలేదు. నడిపించి నడిపించి తగ్గిస్తానంది ఆవిడ."

దులుపుకుంటూ చెప్పుకుపోతోంది. సముద్రం అవతలి ఆవిడకీ మెయిల్ వచ్చిందట, పొద్దున్నే అక్కకి ఫోన్ చేసిందట.

"మనం వాళ్లింట్లోనే ఉండాలట. గది సర్దేసింది. రెండు మంచాలు. కిటికీ పక్కది నాకు... కళ్లు తెరిస్తే ఎదురుగా బండల మీద నాచేనట. హీటరు పక్కది నీకు. పిచ్చుక చలికి ఆగదని నేనే చెప్పాలే."

ఇప్పుడు.

ఇప్పుడు ఊరుకుంటే సరిపోయేది. సాయంత్రం ఇంటికెళ్లి అతనితో, "వద్దు, అక్క వస్తోంది" అంటే సరిపోయేది. మూతి ముడుచుకునేవాడు. అతని అలక అన్నం వడ్డించేదాకా కూడా నిలవదు. నాకు తెలుసు.

నా చేతులకి ఇంకా అతని చొక్కా వాసన ఉంది.

"అక్కా... ఆయన సెలవు అడిగేశారక్కా."

అక్క ఇంకా బొత్తంతోనే కుస్తీ పడుతోంది. "మంచిదేగా. నిన్ను విమానం ఎక్కించడానికా?"

"కాదక్కా. తోడుగా."

కిటికీ అద్దం మీద ఒక చుక్క ఇంకో చుక్కని కలుపుకుని, ఇంకోదాన్ని కలుపుకుని, కిందికి...

అక్క కోటు విప్పలేదు. అలాగే కూర్చుంది. మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. కింద ఏమీ లేదు, ఖాళీ అద్దం. నేను చూస్తూనే ఉన్నాను. ఆ ఖాళీని చాలాసేపు చూసింది. మధ్యలో ఒకసారి సరిగ్గా కనబడనట్టు మర కూడా తిప్పింది.

"ఆయనకి నాచు తెలుసా?" అంది.

"మొన్న బాత్రూమ్‌లో జారిపడ్డారక్కా. అంతవరకు తెలుసు."

అక్క పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. చూశారా, ఏమీ కాలేదు. అర్థం చేసుకుంది. ముందు నా నవ్వు ఆగింది. అక్కది ఆగలేదు. ఎంత బిగించినా కారే పంపులా... వస్తూనే ఉంది.

మా పెద్దసారు వచ్చారు. స్వీట్ల డబ్బాతో, ఫోన్ కెమెరాతో. ల్యాబ్ ఆయనదే, మాటలూ ఆయనవే. తోడు ఎవరొస్తున్నారో చెప్పాను.

"ఏమ్మా, మీ ఆయన కూడానా? భలే! సైన్సుకి సైన్సు, షికారుకి షికారు!"

అక్క వైపు తిరిగారు. "కొత్త జంట, ఏమంటాం చెప్పు. అయినా నువ్వు ఎన్నేళ్లుగానో ఆగావు. నీకు ఆగడం అలవాటే."

అక్క కోటు బొత్తం సర్దుకుంది.

"ఇక్కడ పొట్లాలు చూసుకోవడానికి కూడా ఒకరుండాలిగా. రీసెర్చ్ పేపర్లో నీ పేరు ఉంటుందిలే. ఎక్కడో ఒకచోట. ఇంతకీ ఏంటా కోటు, జ్వరమా?"

"కాదండీ," అంది అక్క. "సరిపోతుందో లేదో చూస్తున్నా."

ఫొటో తీశారు. ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ముందుకెళ్లాలనేగా ఈ గ్రాంటు, చేతులు పట్టుకోండి అన్నారు. పట్టుకున్నాం. అక్క చెయ్యి చల్లగా ఉంది. నేను బాగా నవ్వాను. ఫొటోలో నా పళ్లన్నీ పడ్డాయి.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు పెద్దసారు. "ఒక్క చిక్కుంది. ఎవరెవరొస్తున్నారో అక్కడి ఆవిడ ఒప్పుకోవాలి. ఆవిడ కాదంటే గ్రాంటు మొత్తం పోయినట్టే. ఆవిడకి నీ మాట మీద గురి. రేపు వీడియో కాల్‌లో నువ్వే మాట్లాడాలి. నచ్చజెప్పాలి."

నువ్వే అన్నది అక్కని.

తన మంచం ఇంకొకరికి ఇమ్మని. తనే అడగాలి. తనే నచ్చజెప్పాలి.

మధ్యాహ్నమంతా అక్క నాకు నేర్పింది. పొట్లం ఎలా మడవాలి. నాచుని వేళ్ల మధ్య ఎంత మెత్తగా పట్టుకోవాలి. ఆవిడకి ఎడమ చెవి సరిగ్గా వినపడదు, కుడివైపు కూర్చోవాలి. తలనొప్పి వస్తే పైకి చెప్పదు, లైటు తగ్గించాలి. ఒక్కో మాటా వలిచి నా చేతిలో పెట్టింది. నేను మధ్యలో ఫోన్ చూసుకున్నాను. అతను పూలు పెట్టాడు, విమానం బొమ్మ పెట్టాడు, మళ్లీ పూలు.

ఆఖరికి కోటు విప్పింది.

"తొడుక్కో."

"వద్దక్కా..."

"తొడుక్కోవే. అక్కడ చలి."

తొడుక్కున్నాను. లోపల ఇంకా అక్క వేడి ఉంది. పై బొత్తం పట్టింది. నడుము దగ్గరిదీ పట్టింది. అన్నీ పట్టాయి. కిటికీ అద్దంలో చూసుకుని, ఒక్కసారి గిర్రున తిరిగాను — ఆపుకోలేకపోయాను, అంత బాగుంది! ఫొటో తీసి పంపాను. క్షణంలో జవాబు: ఎర్ర పిచ్చుక.

నవ్వొచ్చి అక్కకి చూపించాను.

"బాగుంది," అంది అక్క. "నీకు కుట్టించినట్టుంది."

సాయంత్రానికి వాన సన్నబడింది. ఆగలేదు. పొట్లాలన్నీ బీరువాలోకి వెళ్లాయి. బల్ల మీద ఒక్కటి మిగిలింది. దాని పక్కన గాజుగిన్నెలో నీళ్లు. నేను కోటులోనే ఉన్నాను.

"ఆవిడతో ఏం చెప్తారక్కా?"

"ఉన్నది చెప్తాను."

"ఉన్నదంటే?"

అక్క చూపుడువేలు నీళ్లలో ముంచి తీసింది. వేలి కొసన ఒక చుక్క నిలిచింది. కింద నాచు, గోధుమరంగు పీచు, మూసుకుని.

"ఉన్నదంటే ఉన్నదే," అంది.

నాకు భయమేసింది. ఈ రోజులో మొదటిసారి. ఆవిడ కాదంటే... మూడు నెలలూ, పక్కపక్క సీట్లూ, అతని జేబులో నా చెయ్యీ... ఇంకో భయం కూడా ఉంది, దాని కింద, చిన్నది. మీరే రండక్కా. రెండే మాటలు. గొంతు దాకా వచ్చాయి. నాలుక మీదికి వచ్చాయి.

కింద హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. అలా మోగించేది అతనొక్కడే. నన్నడక్కుండానే నా మొహం నవ్వేసింది.

"రేపు ఆయన ఏ చొక్కా వేసుకోవాలక్కా? ఆవిడ చూస్తుందిగా, తెర మీద?"

అక్క ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"నీలం," అంది. "ఆవిడకి నీలమంటే ఇష్టం."

చుక్క ఇంకా వేలి కొసనే ఉంది. వణుకుతోంది. పడటం లేదు.

"రేపు పొద్దున ఎనిమిదింటికి మాట్లాడదాం," అంది అక్క, దాన్నే చూస్తూ. "ఇద్దరూ రండి. తడవకుండా."